స్వీయ చర్మం

ఎన్నడూ లేనంతగా ఎండలు కాసిన మే నెల రెండో వారంలో అజిన బయోటెక్ కంపెనీకి ఒకే రోజు మూడు ఫిర్యాదులు వచ్చాయి. గాజువాకలో ఒక వెల్డరు, విజయనగరంలో ఒక టీచరమ్మ, తునిలో ఒక హోటల్ వంటమాస్టరు. ముగ్గురికీ కంపెనీ వాళ్ళు అతికించిన కొత్త చర్మం మీద నీటిపొక్కులు లేచాయి. కాలిన చోట్లు వేరు, కాలిన కారణాలు వేరు, వయసులు వేరు. పొక్కులు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. కందిగింజంత సైజులో, గుంపులు గుంపులుగా.

ఫైలు ప్రసూన బల్ల మీదికి వచ్చింది. ఆమె ఆ కంపెనీలో అంతర్గత విచారణాధికారి. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళు పోలీసువారి ఫోరెన్సిక్ ల్యాబులో వేలిముద్రలు చూసింది. నీళ్ళలో నానిపోయిన శవాల వేళ్ళు పట్టుకుని ముద్రలు తీసిన మనిషికి, స్టోర్సులో మందులు మాయమవడం, దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగంలో చేరడం లాంటి కంపెనీ తగాదాలు పిల్లాటల్లా ఉండేవి.

“ల్యాబులో ఎవడో పని ఎగ్గొడుతున్నాడు ప్రసూన గారూ,” అన్నాడు ఎండీ జయచంద్ర. “బోర్డు మీటింగులోగా నాకొక పేరు కావాలి. అంతే.”

అజిన తయారుచేసేది ఒకే ఒక్క వస్తువు. దాని పేరు ‘స్వీయ’. కాలిన మనిషి ఒంటి మీద చెడిపోకుండా మిగిలిన చోటు నుంచి గోరంత ముక్క తీసి, ల్యాబులో దాన్ని తువ్వాలంత పెంచి, మళ్ళీ ఆ మనిషికే అతికిస్తారు. ఎవరి కణాలు వాళ్ళవే కనుక ఒళ్ళు దాన్ని పరాయిదని నెట్టెయ్యదు. ఇదివరకు వారాల తరబడి పట్టే ఈ పనిని పదకొండు రోజులకి దించిన పోషక ద్రవం డాక్టర్ పినాకపాణి కనిపెట్టాడు. ఆయన ల్యాబుకి అధిపతి.

ప్రసూనకి ఆ మనిషంటే గౌరవం కాదు, భక్తి. రెండేళ్ళ కిందట ఆమె కూతురు ఆమని హాస్టల్ మెస్సులో సాంబారు గుండిగ ఒరిగిపోయి భుజం నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. భర్త ఓడ ఉద్యోగంలో ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో ఒంటరిగా కూర్చున్న ప్రసూన దగ్గరికి పన్నెండో రోజున పినాకపాణి స్వయంగా ట్రే పట్టుకుని వచ్చాడు. “ఇదిగోనమ్మా, మీ అమ్మాయి చర్మం మీ అమ్మాయికే తెచ్చాను,” అన్నాడు. ఆమె వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోతే ఆపేశాడు.

ముందు గాజువాక వెళ్ళింది. వెల్డరు పేరు కర్రి అప్పలనాయుడు. గ్యాసు సిలిండరు పేలి గుండెల మీదంతా కాలిన మనిషి. చొక్కా విప్పి చూపించాడు.

“సూదులు టయానికే ఏయించుకుంటన్నానండి. మూన్నెల్లకోటి. మీ వోల్లు ఇచ్చిన పోసకం సూదే,” అన్నాడు. “నీడపట్టున ఉన్నంతసేపూ పర్లేదు. ఎండలోకి ఎల్తే సాలు, అన్నం ఉడికినట్టు ఉడికిపోతాదండి. పోనీ నా ఒల్లే అంతా అనుకుందామా? పక్కన పాత తోలుకి ఏటీ అవదు!”

ప్రసూన వంగి చూసింది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య గీత గీసినట్టు పొక్కులు ఆగిపోయాయి. సొంత కణాలే అయితే ఒక పక్క ఉడికి ఇంకో పక్క ఉడకకపోవడమేమిటి? రాలిన పొరలు కొన్ని చిన్న పట్టకారుతో తీసి సీసాలో వేసుకుంది. విజయనగరంలో, తునిలో కూడా అదే చేసింది.

నాలుగో రోజున, ఆదివారం పొద్దున, ఆమని ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చుడీదార్ వేసుకుని టిఫిన్‌కి వచ్చింది. ప్రసూన కూతురి చెయ్యి పట్టుకుని అంచు పైకి లాగింది. మోచేతి మడతలో కందిగింజలంత పొక్కులు.

“ఎప్పట్నించే?”

“వారం. చెప్తే మళ్ళీ ఆసుపత్రి అంటావని...” పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. “అమ్మా, ఇది మళ్ళీ ఊడిపోతుందా?”

“ఊడదు,” అంది ప్రసూన. ఊడదని తనకెలా తెలుసో తనకే తెలియదు. మందు రాసే నెపంతో ఒక పొర తీసి, నాలుగో సీసాలో వేసింది.

మర్నాడు ల్యాబుకి వెళ్ళింది. పినాకపాణి ఎదురొచ్చి తిప్పి చూపించాడు. వరసగా గాజు అల్మారాలు, లోపల ట్రేలు, ట్రేలలో గులాబీరంగు ద్రవం, ద్రవంలో తేలుతూ నానిన కాగితాల్లాంటి చర్మాలు. ఒక్కో ట్రేకి ఒక్కో రోగి పేరూ ఊరూ అంటించి ఉన్నాయి. ఆయన ఒక ట్రే తీసి వెలుతురుకి పట్టి, “చూడండి, చిన్న ముడత కూడా లేదు,” అన్నాడు, అప్పుడే పుట్టిన మనవణ్ణి చూపిస్తున్నట్టు.

“అసలు ముక్కలు ఎక్కడుంటాయి డాక్టరు గారూ? రోగుల నుంచి తీసినవి?”

“సగం పెంచుతాం. మిగతా సగం పై అంతస్తులో గడ్డకట్టించి దాస్తాం. రేపెప్పుడైనా అవసరపడితే ఉంటాయని.”

“ఒకసారి చూస్తాను.”

“తాళం స్టోర్సు అతని దగ్గరుంది. సెలవులో ఉన్నాడు,” అంటూ ఆయన ట్రే లోపల పెట్టాడు.

విచారణాధికారి దగ్గర అన్ని గదులకీ తాళాలుంటాయన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ప్రసూన పై అంతస్తు ఎక్కింది. మనిషెత్తు ఫ్రీజర్లు మూడు గోడకి ఆనించి ఉన్నాయి. మోత లేదు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తీగ ఊడదీసి చుట్టచుట్టి పైన పెట్టి ఉంది, మళ్ళీ వాడే ఉద్దేశం లేనట్టు.

తలుపు లాగింది.

వాసన కాదది, దెబ్బ. ముక్కుమీద గుద్దినట్టు వెనక్కి పడింది. పన్నెండేళ్ళు శవాల వేళ్ళు పట్టుకున్న మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల దాకా పరిగెత్తి, అక్కడ పొద్దున తిన్నదంతా కక్కేసింది. తర్వాత నోరు కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని వెనక్కొచ్చి చూసింది. మూడొందల పైచిలుకు సీసాలు. ఏ ఒక్కదాని మూత తీసిన గుర్తు లేదు. లోపల మనుషులిచ్చిన గోరంత ముక్కలు నల్లటి జిగురై గాజుకి కారిపోయాయి. పై అరలో ‘ఆమని, 14 సం.’ అన్న చీటీ కనిపించింది. కూతురి ముక్కలో సగం వాడామన్నారు కదా. ఆసుపత్రిలో వేసిన సీలు సీసాకి అలాగే ఉంది. ఎవరూ ముట్టనే లేదు.

మరి ఆ చేతిమీద ఉన్నది ఎవరిది?

నాలుగు సీసాలూ తనతో చదువుకున్న స్నేహితురాలి ప్రయోగశాలకి పంపింది. పేర్లు చెప్పలేదు. ఐదో రోజున ఫోనొచ్చింది.

“ఏమిటే ఈ తమాషా?” అంది స్నేహితురాలు. “ఒకే మనిషి నుంచి నాలుగుసార్లు తీసి పంపించావా?”

“ఒకే మనిషా?”

“నూటికి నూరుపాళ్ళు. ఆడమనిషి. చర్మం దృఢంగా ఉండడానికి కావలసిన ఒక ప్రొటీన్‌లో చిన్న లోపం ఉందావిడకి. పుట్టుకతోనే వస్తుంది, ప్రాణానికేం కాదు. వేడి తగిలితే పొక్కులొస్తాయి, అంతే. ఎవరావిడ?”

ప్రసూన ఫోను పెట్టేసింది. చొక్కా విప్పి చూపించిన అప్పలనాయుడు గుర్తొచ్చాడు. అతని గుండెల మీద ఉన్నది ఎవరో ఆడమనిషి చర్మం.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆమని సోఫాలో పడుకుని చదువుకుంటోంది. రోజూ చేసినట్టే తల్లి ఒళ్ళోకి తల జరిపి, చెయ్యి చాపింది మందు రాయమని. ప్రసూన వేలి చివర మందు తీసుకుంది. తీసుకున్న వేలు గాల్లోనే ఆగిపోయింది. రెండేళ్ళుగా తాను నిమిరిన చెయ్యి, ముద్దు పెట్టుకున్న చెయ్యి. తాగబోయే నీళ్ళలో బల్లి కనిపించినట్టు ఒళ్ళు జలదరించింది.

ఆమని తల ఎత్తి చూసింది. మందు ట్యూబు తల్లి చేతిలోంచి తీసుకుని తనే రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ప్రసూనకి కంపెనీ మీద కంటే ఆ క్షణాన తన వేలి మీద ఎక్కువ రోత పుట్టింది.

మర్నాడు జయచంద్ర గదిలో రిపోర్టు బల్ల మీద పెట్టింది. పినాకపాణి కూడా ఉన్నాడు. ఇద్దరూ ఉలిక్కిపడతారనుకుంది. జయచంద్ర రిపోర్టు తిరగేసి, బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపాడు.

“మీరు నిజంగా పనిమంతులు. ఒక పేరు తెమ్మంటే నేనడగనిదంతా తెచ్చారు.”

“డాక్టరు గారూ, ఇది నిజమేనా?” ప్రసూన ఆయన్నే అడిగింది.

పినాకపాణి కళ్ళజోడు తుడుచుకున్నాడు. “పది మందిలో నలుగురి కణాలే పెరిగేవమ్మా. మిగతా ఆరుగురూ నా కళ్ళముందే పోయేవాళ్ళు. అప్పుడు ఒక మనిషి కణాలు దొరికాయి. సీ-వన్ అని పేరు పెట్టుకున్నాం. ఎంత పెంచితే అంత పెరుగుతాయి. పరాయి చర్మాన్ని ఒళ్ళు గుర్తుపట్టకుండా ముసుగు వేసే మందు కూడా కనిపెట్టాను. ప్రపంచంలో ఎవ్వరూ కనిపెట్టలేదు దాన్ని.”

“ఆ మూన్నెల్ల సూది.”

“అదే. పోషకం అని రాశాం.”

“మరి అది వేసుకోకపోతే?”

జవాబు ఆయన చెప్పనక్కర్లేదు. ఫైళ్ళలో ఆమె అప్పటికే చదివింది. నర్సీపట్నం దగ్గర ఒక ముసలాయన కూతురి పెళ్ళి హడావిడిలో సూది మానేశాడు. చర్మం మొత్తం పట్టుచీరలా జారిపోయి, తొమ్మిదో రోజున చచ్చిపోయాడు. కంపెనీ కాగితంలో ‘రోగి నిర్లక్ష్యం’ అని ఉంది. పోషకం అనుకుని మానేసిన మనిషిది నిర్లక్ష్యమట.

“పరాయి చర్మానికి అనుమతి అడగాల్సింది.”

“అడిగితే ఎనిమిదేళ్ళు,” అన్నాడు జయచంద్ర. “స్వీయ అంటే అనుమతి చేతిలో ఉంది. పోనీ రోగులకి చెప్దామా? చెప్పండి మీరే. మన జనం మొదట ఏమడుగుతారు? ఎవరిదని అడుగుతారు. ఏ ఇంటిదని, ఏ కులందని అడుగుతారు. రోజూ అద్దంలో చూసుకుని చస్తారు. వాళ్ళ మనశ్శాంతి మేం కాపాడుతున్నాం ప్రసూన గారూ. అన్నట్టు మీ అమ్మాయి ఇంకా ఎదిగే పిల్ల. మరో రెండుసార్లయినా అతుకులు పడాలి కదా?”

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, బిస్కెట్ల ప్లేటు జరిపినంత మెత్తగా. ప్రసూనకి ఆ గదిలో కూడా పై అంతస్తు వాసన తగిలింది.

“ఆ మనిషి ఒప్పుకుందా?” అంది.

“ఎందుకు ఒప్పుకోదు? అన్నీ పద్ధతి ప్రకారమే,” అంటూ పినాకపాణి సొరుగు తీసి ఒక కాగితం ఇచ్చాడు. కోత చిన్నమ్మడు, పలాస. తన కణాలను కంపెనీ ఏ విధంగానైనా వాడుకోవచ్చని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని రాసి ఉంది. కింద నీలిసిరాతో చక్కటి బొటనవేలి ముద్ర. ప్రసూన ఆ కాగితాన్ని ఫోటో తీసుకుంటే ఇద్దరూ వద్దనలేదు. వాళ్ళకి దానిమీద అంత నమ్మకం.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో చిన్నమ్మడు దొరికింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. కాల్చిన జీడిపిక్కల్ని చెక్కసుత్తితో పగలగొట్టి పప్పు తీసే పని. పిక్క తొక్కలోంచి కారే నల్లటి నూనె తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకని బూడిద అద్దుకుంటూ కొడుతున్నారు షెడ్డులో ఆడవాళ్ళంతా. ఆ పొగకి ప్రసూన కళ్ళు మండిపోయాయి.

“అవునమ్మా, మూడేల్ల కిందట నా సేతులు రెండూ కాలిపోనాయి,” అంది చిన్నమ్మడు బయటికొచ్చి కూర్చుని. “కంపినీ వోల్లు వొచ్చి ఉచితంగా బాగుసేస్తామన్నారు. తొడ కాడ సిన్న ముక్క కోసినారు. సేతులు బాగుపడ్డాయి. మంచోల్లే. మల్లీ ఎప్పుడూ రానేదు.”

“ఎండాకాలం పొక్కులొస్తాయా మీకు?”

“సిన్నప్పట్నించీ. మాయమ్మకీ అంతే. మీకెలా తెలుసమ్మా?”

ప్రసూన ఫోనులో కాగితం చూపించింది. “ఇందులో వేలిముద్ర మీరు వేశారా?”

చిన్నమ్మడు కళ్ళు చిట్లించి చూసి నవ్వేసింది. “ఏలిముద్రేటమ్మా! నాను ఐదు దాకా సదివాను. సంతకం ఎడతాను. అయినా నాకు ఏలిముద్రలు ఏటున్నాయి?” అని రెండు చేతులూ వెలికిలా చాపింది.

ప్రసూన ఆ వేళ్ళు పట్టుకుని చూసింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా నున్నగా, అరిగిపోయిన నాణేల్లా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఒక్క సుడి లేదు.

“పదిహేనేల్లనుంచీ ఈ పనే కదా. జీడినూని తినేసినాది. మా షెడ్డులో ఎవులికీ ఉండవు. రేషను కాడ మిషన్లో ఏలు ఎడితే పడదు. కన్ను సూపించీసి తెచ్చుకుంతాం,” అంది చిన్నమ్మడు. తర్వాత ప్రసూన మొహం చూసి నవ్వు ఆపింది. “ఏటయిందమ్మా?”

చెప్పింది. ఒక్కటీ దాచలేదు. మూడొందల పన్నెండు మంది అని చెప్పింది. తన కూతురి సంగతీ చెప్పింది. చిన్నమ్మడు బూడిద అంటిన తన మోచేతులు తిప్పి చూసుకుంది.

“నాను ఇక్కడ పిక్కలు కొట్టుకుంతన్నాను,” అంది. “అక్కడ నన్ను అమ్మీసుకుంతన్నారన్నమాట.”

విశాఖ తిరిగొచ్చాక ప్రసూనకి మిగిలింది ఒక్క పని. చిన్నమ్మడికి ముద్రలే లేకపోతే కాగితం మీద ఉన్నది ఎవరి వేలు? ఉద్యోగంలో చేరేటప్పుడు అందరి దగ్గరా తీసుకున్న వేలిముద్రలు ఆఫీసు కంప్యూటర్లో ఉన్నాయి. రెండు వందల నలభై మంది. ఏ గుమాస్తాదో, ఏ చప్రాసీదో అయివుంటుందని ముందు వాళ్ళవే చూసింది. కావు. మధ్యాహ్నం మూడయ్యేసరికి పై అధికారుల దగ్గరికి వచ్చింది. ఎడమ బొటనవేలు. మధ్యలో సుడి, కుడి పక్కన చీలిన గీత, కింద పాత కోత మచ్చ. పద్నాలుగు చోట్ల కలిసింది.

పినాకపాణి.

ఆయన ఇంకొకరిచేత వేయించవచ్చు. అంత చిన్నపనికి ఇంకో మనిషిని పిలవడం దండగనుకున్నాడో, పలాసలో పిక్కలు కొట్టుకునే ఆడమనిషి వేలిని ఎవరు చూడొస్తారనుకున్నాడో. తన వేలినే సిరాలో ముంచి, ఆమె పేరు కింద నొక్కి, తుడుచుకున్నాడు. అదే వేలితో ట్రే పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఆ కాళ్ళకే ప్రసూన వంగింది. కుళ్ళిన సీసాలు చూసినప్పుడు వచ్చిన వాంతి ఈసారి రాలేదు. వస్తే బాగుండుననిపించింది. లోపలే ఉండిపోయింది.

ఆయన గదికి వెళ్ళి రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టింది.

పినాకపాణి వంగి చూశాడు. “మూడొందల మందిని బతికించానమ్మా,” అన్నాడు. “ఒక్క వేలిముద్ర.”

“ఆవిణ్ణి ఒక్కమాట అడిగితే పోయేది కదండీ.”

“వద్దంటే?”

అంతే. ఆయన దగ్గర అంతకుమించి ఏమీ లేదు.

ప్రసూన రిపోర్టు బోర్డుకి ఇవ్వలేదు. సీసాలూ, పరీక్షల కాగితాలూ, రెండు ముద్రలూ పట్టుకుని ఔషధ నియంత్రణ శాఖ ఆఫీసుకి వెళ్ళి ఇచ్చేసి, రసీదు తీసుకుంది. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది. వారం తిరక్కుండా ల్యాబుకి సీలు పడింది. పినాకపాణిని అరెస్టు చేశారు. జయచంద్ర నెల్లాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. సూదుల మందుని ప్రభుత్వాసుపత్రికి అప్పజెప్పి, అది ఎందుకు వేసుకోవాలో ఈసారి నిజం చెప్పి వెయ్యమన్నారు.

అంతకుముందే ఆమనికి చెప్పింది ప్రసూన. పిల్ల లేచి బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంది. అరగంట రుద్దుకున్న చప్పుడు. బయటికొచ్చేసరికి చెయ్యి ఎర్రగా కందిపోయింది.

“అందుకేనా ఆ రోజు నువ్వు ముట్టుకోలేదు?”

“అవును,” అంది ప్రసూన. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“నీకే అలా ఉంటే నాకెలా ఉంటుందమ్మా? నేను దీంతో స్నానం చెయ్యాలి, పడుకోవాలి.”

రోగులకి ఒక్కొక్కళ్ళకీ చెప్పే పనిలో శాఖవారు ప్రసూన సాయం అడిగారు. అప్పలనాయుడు బూతులు తిట్టి, తర్వాత ఏడ్చి, తర్వాత సూది ఎక్కడ వేస్తారో అడిగాడు. విజయనగరం టీచరమ్మ ఫోనులో అంతా నిదానంగా వింది. గొంతు తగ్గించి, “అది సరేనండీ, ఆవిడ... ఏమిట్లట?” అంది.

ప్రసూనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టుకోలేకపోయింది. తన ఒంటిని ఇన్నాళ్ళు కాపాడిన చర్మానిది ఏ కులమని అడుగుతోంది ఆ మనిషి. జయచంద్ర అన్నంత పనీ అయింది. ఆ నీచుడి మాట నిజమైనందుకు ఎక్కడలేని అసహ్యం వేసింది. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచింది. అంతలో సోఫాలో గాల్లో ఆగిపోయిన తన వేలు గుర్తొచ్చింది. “నాకు తెలియదండి,” అని పెట్టేసింది.

ఆగస్టులో చిన్నమ్మడికి కబురు వెళ్ళింది. ల్యాబులో మిగిలిన ఆమె కణాల్ని ఏం చెయ్యాలో ఆమే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. పలాస నుంచి పొద్దున్న రైలుకి దిగింది. తోడుండమంటే ప్రసూన వెళ్ళింది. చల్లటి గదిలో శాఖ అధికారి ఉత్తర్వు చదివి వినిపించాడు.

“ముందు సూపించండి,” అంది చిన్నమ్మడు.

అతను గ్లవ్స్ వేసుకుని ఒక ట్రే తెరిచాడు. గులాబీరంగు నీళ్ళలో చామనచాయ పొర ఒకటి, ట్రే కదిలినప్పుడల్లా మెల్లగా అలలాడుతోంది. చిన్నమ్మడు తన మోచెయ్యి దాని పక్కన పెట్టి చూసింది. ఒకే రంగు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, సింకు అంచు పట్టుకుని కక్కేసింది. ప్రసూన వీపు నిమిరి నీళ్ళిచ్చింది.

“ఏసీసినోల్లకి ఇంకా కావాలేటి?” అంది నోరు తుడుచుకుని.

“కొందరికి. ఎదిగే పిల్లలకి ముఖ్యంగా,” అన్నాడు అధికారి.

“మేడంగారూ, మీ గుంటకి?”

“నా కూతురికీ కావాలి,” అంది ప్రసూన.

“మరి మీరేటంతారు?”

అధికారి ప్రసూన వైపు చూశాడు. రెండు మాటలు చెబితే చాలు. ఆమని ఫోటో కూడా చూపించక్కర్లేదు. చిన్నమ్మడు తనని నమ్ముతోంది. ఆ నమ్మకమే ఇప్పుడు ఆమెని ఆపింది.

“నేనేమీ అనను చిన్నమ్మడు గారూ. నేనేమన్నా నా కూతురి కోసమే అంటాను.”

చిన్నమ్మడు కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఏసీసినోల్లకి ఎంత కావాలో అంత ఉంచండి. ఆల్లనేటంతాం, ఆల్లకీ సెప్పనేదు కదా. కొత్తోల్లకి మాత్రం ఒద్దు. మిగిలింది కాల్చీండి.”

“అమ్మా, రేపు కాలినవాళ్ళుంటారు,” అన్నాడు అధికారి. “ఇది ఉంటే బతికేవాళ్ళు పోతారు. ఇంకొకసారి ఆలోచించండి.”

“ఉంతారు. మా షెడ్డులో రోజూ ఒకరో ఇద్దరో కాల్తారు. ఎవులొచ్చి అడిగినారు?” ఆమె గొంతు పెరగలేదు. “నన్ను అడిగినారు, నాను సెప్పీసాను. ఇంక బతిమాలొద్దు.”

కాగితం మీద నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు ప్రసూన అడిగింది. “మా అమ్మాయి ఒకసారి మిమ్మల్ని చూడాలంటోంది.”

చిన్నమ్మడు తల అడ్డంగా ఊపింది. “ఒద్దమ్మా. నా తోలు ఇంకోల్ల ఒంటిమీద సూడ్నేను. కడుపులో దేవేస్తాది. దాని తప్పు కాదని సెప్పండి.” ఆటో ఎక్కి కూర్చుని, మళ్ళీ తల బయటికి పెట్టింది. “పొక్కుల్ని సూదితో పొడవనీకండి ఆ గుంటని. తడిగుడ్డ ఏసి ఒగ్గీమనండి. మాయమ్మ అలగే సేసీది.”

ఇంటికొచ్చేసరికి ఆమని గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. “వస్తానందా?”

“రానంది. చూడనంది.”

ఆమని గోడకి ఆనుకుంది. “నేనైనా అంతేనేమో,” అంది. తర్వాత, “ఇంకేమైనా అందా?”

ప్రసూన తడిగుడ్డ సంగతి చెప్పింది.

“ఎంతసేపు ఉంచాలట?”

“అడగలేదే.”

వంటింట్లోకి వెళ్ళి ప్రసూన పాత నూలుచీర చింపి, కుండనీళ్ళలో ముంచి పిండింది. కూతురి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని భుజం నుంచి మణికట్టు దాకా చుట్టింది. పొక్కులు చితక్కుండా మీద అరచెయ్యి ఆనించింది. ఎంతసేపో తెలియదు కనుక, గుడ్డ ఆరేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.